ఏడు గంటల ముఖం

తడి స్పాంజి చెంపకు తగలగానే వార్తలమ్మాయి కుర్చీలో ఎగిరిపడింది.

"అబ్బా! మంట అక్కా, మంట!"

పౌడరక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ ముఖం మీద చెయ్యి వేస్తే అలా అరిచిన రోజు లేదు. పొద్దున్నే నిద్ర చాలక, స్పాంజి ఆడుతుంటే కూర్చున్నచోటే కునుకు తీసే పిల్ల అది. పౌడరక్క అద్దం చుట్టూ ఉన్న బల్బులన్నీ వేసి, ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. ముక్కుకు రెండు పక్కలా చర్మం కమిలి, ప్లాస్టిక్ కాగితం బిగించి అతికించినట్టు మెరుస్తోంది. గడ్డం దగ్గర సన్నటి పొట్టు లేస్తోంది. చెంపలు ఎవరో ఎడాపెడా వాయించినట్టు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమైందే ఇది? ముఖానికి ఏం రాశావు?"

"ఏమీ లేదు. రాత్రి నిద్ర పట్టలేదంతే. నువ్వు కానియ్యి, టైమవుతోంది."

ఆ మాట అనేటప్పుడు ఆమె అద్దంలోకి చూడలేదు. పౌడరక్క అది గమనించింది గానీ నిలదీసే వ్యవధి లేదు. ఏడు గంటల వార్తలకు అరగంట కూడా లేదు. తలుపు బయట ఫ్లోర్ మేనేజరు అటూ ఇటూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు అప్పుడే మొదలైంది.

పౌడరక్క అన్న పేరు ఆ టీవీ స్టేషనులో పుట్టింది కాదు. పెళ్లయిన కొత్తలో ఆమె ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరింది. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చేవాళ్ల ముఖాల మీద చెమట తుడిచి, ఇంత పౌడరద్ది, కాలరు సర్ది కూర్చోబెట్టాలి. ఒకసారి ఒక పెద్దమనిషి బట్టతల లైటుకు తళతళలాడిపోతోందని, చెప్పాపెట్టకుండా ఆయన నడినెత్తిన కూడా అద్దేసింది. ఆయన కోప్పడాల్సింది పోయి, ఫోటో చూసుకుని మురిసిపోయి, మర్నాడు ఇంటిల్లిపాదినీ వెంటేసుకొచ్చాడు. ఆ సంగతి వీధంతా పాకింది. పేరు అలా అతుక్కుపోయింది. స్టూడియో మూతపడ్డాక కొన్నాళ్లు నాటకాలవాళ్ల దగ్గర పనిచేసి, చివరికి ఈ చిన్న స్టేషనులో చేరింది. రంగు ఒంటికి కలుస్తుందా, లైటు కింద నిలుస్తుందా, చెమటకు కరుగుతుందా, ఇవి ఆమెకు కొట్టినపిండి. సీసాల లోపల ఏం కలుస్తుందో మాత్రం ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. వెనక రాసిన చీమతలకాయంత అక్షరాలు ఎవరైనా చదవడానికి రాస్తారని కూడా ఆమె అనుకోలేదు.

ఆ పొద్దున ఎలాగో గట్టెక్కించింది. ఎర్రదనం మీద దాన్ని చంపే ఆకుపచ్చ రంగు పలచగా వేసి, దాని మీద ఒంటిరంగు క్రీము స్పాంజితో కాకుండా వేలికొసతో, రాపిడి లేకుండా నొక్కింది. ప్రతి నొక్కుకీ వార్తలమ్మాయి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. కానీ కొత్త కెమెరాలు వచ్చి మూణ్నెల్లయింది. వెంట్రుకవాసి గీతను కూడా అవి దాచిపెట్టవు. వంతెన కూలిన వార్త చదువుతుండగా ఆమె కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. మంటకు వచ్చిన నీళ్లవి. చూసినవాళ్లు మాత్రం, పోయినవాళ్ల కోసం ఎంత బాధపడిందో పాపం అంటూ స్టేషనుకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆ కన్నీటి దారుల వెంట రంగు చెదిరి, గడ్డం మీద పొట్టు ఉల్లిపొరలా తేలింది. అది పెద్దసారు కంట పడింది.

స్టేషను వ్యవహారాలన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. వార్తలు అయీ అవగానే ఇద్దరినీ తన గదికి పిలిపించాడు.

"ఏం పూశారమ్మా ఈ అమ్మాయికి?"

"రోజూ పూసేదే సార్."

"రోజూ పూసేదైతే రోజూ ఇలాగే అవ్వాలిగా?"

అబద్ధం ఆడటం పౌడరక్కకు చేతకాదు. "మేకప్ తుడిచే నీళ్లు మాత్రం మారాయి సార్. పాతరకం దొరకట్లేదని స్టోరువాళ్లు పోయిన నెల వేరేది తెచ్చారు."

"అదీ సంగతి!" ఆయన బల్ల మీద చెయ్యి కొట్టాడు. వార్తలమ్మాయి వైపు తిరిగి, "నువ్వేమన్నా వాడుతున్నావా ఇంట్లో? క్రీములూ అవీ?" అన్నాడు.

పౌడరక్క ఆమె వైపు చూసింది. ఆమె తువ్వాలు చెంపకు అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"సబ్బు తప్ప ఏమీ వాడను సార్."

అంతే. పౌడరక్క పెట్టెను స్పాంజీలతో, బ్రష్షులతో సహా స్టోరు బీరువాలో పెట్టి తాళం వేయించారు. సంగతి తేలేదాకా ఆమె ఏ ముఖం మీదా చెయ్యి వెయ్యకూడదన్నారు. గేటు దాకా నడిచి వెళ్తున్నంతసేపూ వెనక నుంచి "అక్కా" అన్న పిలుపు వస్తుందేమోనని ఆమె చెవులు రిక్కించుకునే ఉంది. రాలేదు.

ఇంట్లో ముందుగదే ఆమె భర్త దుకాణం. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒట్టి చేతులతో గుమ్మంలోకి వచ్చిన భార్యను చూసి ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఆమె కూర్చోకుండానే జరిగిందంతా చెప్పింది.

మంచం మీద కూర్చుని వింటున్న అత్తగారు ఊరుకోలేదు. "ఆ పిల్ల ముఖం నీ చేతిలో పాడైందా, దాని చేతిలో అదే పాడుచేసుకుందా?"

"నాకేం తెలుసత్తయ్యా? నా చేతిలోనే అయితే ఏం చెయ్యను?"

అసలు భయం అదే. ఉద్యోగం పోతుందన్న దిగులు కన్నా, తన చేత్తో తనే ఆ పిల్ల ముఖాన్ని కాల్చేశానేమోనన్న అనుమానం ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. ఆ తుడిచే నీళ్ల సీసా కొత్తది ఒకటి చేతిసంచిలో ఉండిపోయింది. దాన్ని బయటికి తీసింది. పాత రకం సీసా కూడా ఇంట్లోనే ఉంది గానీ, అది అత్తగారి స్వాధీనంలో ఉంది. ఆవిడ అందులో కొబ్బరినూనె పోసుకుంది.

"అది ఇలా ఇవ్వండి."

"నా నూనెనేం చేస్తావే?"

"నూనె కాదు, వెనక ఏం రాసుందో చూడాలి."

"చూసి ఇచ్చెయ్యి మరి."

భర్త తన భూతద్దం అందించాడు. మిషన్ల సందుల్లో విరిగిన సూదిముక్కలు వెతకడానికి వాడేది. నూనె మరకల కింద ఆ అక్షరాలను ఆమె కూడబలుక్కుని చదివితే, ఆయన ఒక్కో మాటనూ ఫోనులో వెతికాడు. అలా తెలిసింది మొదటి సంగతి. వెనక రాసే పేర్లు తోచినట్టు రాసేవి కావు. ఏది ఎక్కువ ఉంటే అది ముందు, తక్కువైంది వెనక. అడుగున ఉన్న పిసరంత సరుకులకే వరసతో పనిలేదు. పాత సీసాలో నీళ్ల తర్వాత గ్లిజరిన్. అంటే తేమను పట్టి ఉంచేది. కొత్త సీసాలో నీళ్ల తర్వాత ఆల్కహాలు, ఆపైన పరిమళం. గ్లిజరిన్ పేరే లేదు. రెండు సీసాల ముందువైపూ మాత్రం ఒకే మాట ఉంది: చర్మానికి మృదువుగా.

ఆమె సీసా కింద పెట్టింది. "అయితే నేనే."

"ఆగు. ఒకసారి చూద్దాం," అన్నాడు భర్త.

ఆమె ఆగలేదు. దూదిని ఆ నీళ్లలో తడిపి తన చెంప మీదే గట్టిగా రుద్దుకుంది. చురుక్కుమంది. చర్మం బిగుసుకుంది. కాసేపటికి మామూలైపోయింది. సాయంత్రం మళ్లీ రుద్దింది, పొద్దున్నే మళ్లీ రుద్దింది. చెంప ఎండి గరుకుదేలింది గానీ కమలలేదు, పొట్టు లేవలేదు. ఈ నీళ్లు మంచివి కావు, నిజమే. కానీ ఒక్క వీటికే ఆ పిల్ల ముఖాన్ని అంతలా వలిచే శక్తి లేదు. మరింకేదో ఉంది.

మర్నాడు ఏడు గంటలకు టీవీ పెడితే, వార్తలమ్మాయి కుర్చీలో వాతావరణం చెప్పే పిల్ల కూర్చుని ఉంది. పౌడరక్క వార్తలమ్మాయికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈసారి మోగుతుండగానే కట్ చేశారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆరేళ్లు! ఆరేళ్లు దాని ముఖం నా చేతుల్లో పెట్టుకుని చూశాను. ఒక్క మాట, 'అక్క తప్పేం లేదు సార్' అని ఒక్క మాట నోట రాలేదే దానికి!"

"వెళ్లి అడిగెయ్యి. ఇక్కడ నా మీద అరిస్తే ఏం లాభం?" అన్నాడు భర్త.

వార్తలమ్మాయి ఉండేది నాలుగంతస్తుల ఇంట్లో రెండో అంతస్తున. పౌడరక్క బెల్లు కొట్టింది. లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. కంతలోంచి ఎవరో చూస్తున్నారు.

"నేనేనే. తియ్యి. తియ్యకపోతే ఈ మెట్ల మీదే కూర్చుంటా. పక్కవాళ్లడిగితే ఎందుకు కూర్చున్నానో కూడా చెప్తా."

గొళ్లెం తీసిన చప్పుడైంది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఆమె పక్కకు తప్పుకుంది. ఆమె భర్త పనిమీద వేరే ఊరు వెళ్లాడట. కిటికీ తెరలన్నీ వేసి ఉన్నాయి. బల్ల మీద తాగకుండా వదిలేసిన టీ మీద మీగడ కట్టింది.

"నా మీద అనుమానమా నీకు?" పౌడరక్క నిలబడే అడిగింది.

"లేదక్కా. నీ మీద ఎందుకు అనుమానం?"

"మరి ఆయన ముందు నోరెందుకు పెగల్లేదు?"

పౌడరక్క చుట్టూ చూసింది. స్నానాలగది తలుపు తెరిచి ఉంది. అద్దం కింది అర మీద సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఆమె లోపలికి వెళ్లి రెండు చేతులా వాటిని ఎత్తి తెచ్చి టీ కప్పు పక్కన బల్ల మీద పెట్టింది. మళ్లీ వెళ్లి మిగిలినవి తెచ్చింది.

"సబ్బు తప్ప ఏమీ వాడవా? ఇవన్నీ సబ్బులేనా?"

వార్తలమ్మాయి కుర్చీలో కూలబడింది. చున్నీ జారింది. ముఖం అప్పటికన్నా అధ్వానంగా ఉంది. పెదవుల మూలలు పగిలి, నుదుటి మీద, చెంప ఎముకల మీద గోధుమరంగు మచ్చలు కనపడుతున్నాయి. మేకప్పు కింద ఆ మచ్చలు పౌడరక్కకు తెలిసినవే. నెల రోజులుగా కొద్దికొద్దిగా ముదురుతుంటే, ఎండలో తిరుగుతోందిలే అనుకుంది.

"ఇవే అక్కా," అంది ఆమె మచ్చలు చూపిస్తూ. "కొత్త కెమెరాలో బండగా కనపడుతున్నాయి. పెద్దసారు ఒకసారి నా ముందే అన్నాడు, ఏడు గంటలకు జనం తేటగా ఉన్న ముఖం చూడాలనుకుంటారని. ఆ వాతావరణం పిల్ల పక్కనే నిలబడి ఉంది అప్పుడు. ఇంటికొచ్చి ఏది మచ్చలు పోగొడుతుందంటే అది కొన్నాను."

"దేని తర్వాత ఏది రాస్తున్నావు? చెప్పు."

కోపం తీరలేదు గానీ పౌడరక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి భూతద్దం తీసింది. ఇద్దరూ ఒక్కో సీసా తిప్పి వెనకవైపు చదవడం మొదలుపెట్టారు. వార్తలమ్మాయి గడగడా చదివేస్తుంటే పౌడరక్క ఆపి మళ్లీ చదివించింది. ఏ పేరు ఏం చేస్తుందో భర్తకు ఫోను చేసి కనుక్కుంది.

పొద్దున ముఖం కడుక్కునేదాంట్లో సాలిసిలిక్ యాసిడ్. కడుక్కున్నాక దూదితో తుడుచుకునే నీళ్లలో గ్లైకోలిక్ యాసిడ్. కాంతి కోసమని రాసే చుక్కల మందులో విటమిన్ సి, దాంతోపాటు లాక్టిక్ యాసిడ్. వారానికోసారి వేసుకోమన్న పూతలో మళ్లీ గ్లైకోలిక్. దాన్ని ఈమె రోజు మార్చి రోజు వేస్తోంది. ఇవి కాక, గరుకు రవ్వలు కలిపిన స్క్రబ్ ఒకటి.

"ఒకటి మురికి తీసేది, ఒకటి రంధ్రాలు మూసేది, ఒకటి కాంతి తెచ్చేది అని వేరువేరుగా కొన్నానక్కా."

"పేర్లే వేరు. పని ఒకటే కదే. అన్నీ పైపొరను తీసేవే. పొద్దున తీశావు, మళ్లీ తీశావు, రాత్రి కూర్చుని ఇంకా తీశావు. ఇక తీయడానికేం మిగిలింది?" పౌడరక్క ఒక్క క్షణం ఆగింది. "దాని మీద నేను ఆల్కహాలు నీళ్లతో రుద్దాను. నా పాపం నాకూ ఉందిలే."

చెత్తబుట్ట పక్కన ఇంకో సీసా పడి ఉంది. నిండుగానే ఉంది. పౌడరక్క దాన్ని తీసి చూసింది. హయలురోనిక్ యాసిడ్.

"ఇదెందుకు పారేశావు?"

"యాసిడ్ అని ఉందిగా. మంట మొదలయ్యాక భయమేసి, దాన్నొక్కదాన్నీ మానేశా."

పౌడరక్క మళ్లీ భర్తకు ఫోను చేసి ఆ పేరు చెప్పింది. ఆయన వెతికి, అది పేరుకే యాసిడని, పొర వలిచేది కాదని, గ్లిజరిన్‌లాగే నీటిని పట్టి ఉంచేదని చెప్పాడు. ఉంచాల్సినదాన్ని పారేసి, పారెయ్యాల్సినవన్నీ ఉంచుకుందన్నమాట. వార్తలమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వగానే పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆ నవ్వుతో గదిలో బిగుసుకున్న గాలి కొంచెం సడలింది.

అంతలో చివరి రెండూ చేతికి తగిలాయి. ఒకటి రాత్రి రాసుకునే రెటినాల్ క్రీము. ఇంకొకటి సన్నటి ట్యూబు, మందుల షాపులో అడిగితే ఇచ్చారట. దాని పేరు ట్రెటినాయిన్.

"రెండూ ఒకే జాతిలా ఉన్నాయే. ఇదేదో గట్టిది," అంటూ పౌడరక్క అట్టపెట్టెలో మడతపెట్టి ఉన్న కాగితం విప్పి ఆమె ముందు పెట్టింది. "ఏమంటోందో చదువు."

వార్తలమ్మాయి వార్తలు చదివినట్టే తడబడకుండా చదువుకుంటూ పోయింది. ఎండలో తిరగరాదు, కళ్ల దగ్గర రాయరాదు. సగానికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది.

"ఏమైంది? ఏం రాసుంది?"

ఆమె కాగితాన్ని బల్ల మీద బోర్లించి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. పౌడరక్క కాగితం లాక్కుని భూతద్దం పెట్టింది. గర్భిణులు వాడరాదు.

పౌడరక్క భూతద్దం కింద పెట్టింది.

"ఎన్నో నెల?" పౌడరక్క చాలా మెల్లగా అడిగింది.

"మూడోది పడింది. ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు." ఆమె గుక్క తిప్పుకోకుండా మాట్లాడసాగింది. "చెప్తే కుర్చీ పోతుందక్కా. కాస్త కుదురుకున్నాక చెప్దామనుకున్నాను. ఆరోజు సారు అడిగితే, క్రీములని చెబితే ఎందుకని అడుగుతాడు. మచ్చలంటే ఎందుకొచ్చాయంటాడు. దారం లాగితే అంతా ఊడొస్తుందని నోరు మూసుకున్నాను. నిన్ను బయటికి పంపారు. అయినా మూసుకున్నాను. ఇప్పుడు నా బిడ్డకి ఏం చేశాను? చెప్పక్కా, ఏం చేశాను?"

ఆరేళ్లుగా తన చేతుల్లో ఉన్న ముఖమే, దాని కింద ఏం జరుగుతోందో పౌడరక్కకు తెలియనే లేదు. కోపం ఎటుపోయిందో పోయింది. లేచి, ఆ ట్యూబునూ కాగితాన్నీ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుంది.

"లే. డాక్టరు దగ్గరికి. చున్నీ చుట్టుకో."

ఆసుపత్రిలో వంతు కోసం ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద నవ్వుతున్న పసిపిల్లల బొమ్మలున్నాయి. వార్తలమ్మాయి తల వంచుకుని, పౌడరక్క వేళ్లను నలిపేస్తూ కూర్చుంది. ఒకావిడ చున్నీ చాటునున్న కళ్లను గుర్తుపట్టి, "మీరు వార్తల్లో ఏడ్చినావిడ కదూ? ఎంత మంచి మనసండీ మీది," అంది. వార్తలమ్మాయి చున్నీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

డాక్టరమ్మ కాగితమూ ట్యూబూ చూసి, ఎన్నాళ్లు రాసిందో, ఎంతమేర రాసిందో అడిగింది. తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే వార్తలమ్మాయిని ఇంకా భయపెట్టింది.

"ఈ జాతి మందును మింగితే చాలా ప్రమాదం. మీరు మింగలేదు, పైన రాశారు. పైన రాసింది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మామూలుగా ఏమీ కాదు. అయితే ఏమీ కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, అందుకే వద్దని రాస్తారు అక్కడ. ఇవాళ్టితో ఆపండి. స్కాన్ చేద్దాం."

పరదా వెనక, చల్లటి జెల్ పూసిన పొట్ట మీద యంత్రం కదులుతుంటే, వార్తలమ్మాయి తెర వైపు చూడలేక పౌడరక్క ముఖం వైపు చూస్తూ పడుకుంది. పౌడరక్క మాత్రం తెర మీది నల్లటి మసకలో ఏదో కదులుతుందేమోనని రెప్ప వెయ్యకుండా చూసింది. చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుర్రం పరిగెత్తినట్టు టకటకమని చప్పుడు గదిలో నిండింది.

"ఇదిగో, గుండె," అంది డాక్టరమ్మ. "ఇప్పటికి బాగుంది. అసలు చూడాల్సింది ఐదో నెలలో. అప్పటిదాకా ఓపిక పట్టాలి."

అంటే ఇంకా రెండు నెలలు భయం మోయాలన్నమాట.

అదే ఆసుపత్రిలో చర్మం డాక్టరు సీసాల పేర్లన్నీ విని అన్నిటినీ ఆపమన్నాడు. ముఖానికి సువాసన లేని మెత్తటి ఫేస్‌వాష్, దాని మీద పెట్రోలియం జెల్లీ, బయటికెళితే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. ఇంతే. కమిలింది మానాక మచ్చలు పలచబరిచే నయాసినమైడ్ ఉన్నది కావాలంటే రాసుకోవచ్చు, అదీ తొందరేం లేదన్నాడు. మచ్చలు ఎండవల్ల కాదట, కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి వచ్చేవేనట. కాన్పయ్యాక చాలావరకు వాటంతటవే పలచబడతాయని చెప్పాడు.

"దేనికోసం ఇంత యుద్ధం చేశానో అది దానంతటదే పోయేదా?" అంది వార్తలమ్మాయి.

మర్నాడు ఆమె చున్నీ లేకుండా, జిడ్డుగా మెరుస్తున్న ముఖంతో పెద్దసారు గదిలోకి వెళ్లింది. పౌడరక్క గది బయట నిలబడింది. తలుపు పూర్తిగా పడలేదు.

"అక్క తప్పేం లేదు సార్. నేను అబద్ధం చెప్పాను," అన్న మాట స్పష్టంగా వినపడింది. ఆ తర్వాత కాసేపు గుసగుసలు. తర్వాత పెద్దసారు గొంతు: "కుర్చీ సంగతి ఇప్పుడే చెప్పలేనమ్మా. నాకూ పైవాళ్లుంటారు."

"చెప్పకండి సార్. నేను చెప్పాల్సింది మాత్రం చెప్పేశాను."

పౌడరక్కకు పెట్టె తిరిగి వచ్చింది. బ్రష్షులు ఎవరో బయటికి తీసి వాడి, నీళ్లలోనే వదిలేస్తే కంపు కొడుతున్నాయి. క్షమించమని ఎవరూ అనలేదు. "రేపట్నుంచి వచ్చెయ్యండమ్మా," అన్నాడు పెద్దసారు, మధ్యలో ఏమీ జరగనట్టు.

"వస్తాను సార్. కానీ ఆ తుడిచే నీళ్లు మార్చాలి. ఇకమీదట ఏది కొన్నా వెనకవైపు చూశాకే కొనాలి."

"అవన్నీ ఎవరు చూస్తారమ్మా?"

"భూతద్దం ఉంది నా దగ్గర."

స్టోరువాళ్లు గొణుక్కున్నారు గానీ నీళ్లు మారాయి.

వార్తలమ్మాయి ముఖం మానడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఆమెను తెర మీదికి రానివ్వలేదు. వార్తాకథనాలకు వెనక నుంచి గొంతు ఇచ్చింది. భోజనాల వేళ పౌడరక్క ఆమె చెంపలు వెలుతురులోకి తిప్పి చూసేది. ఇద్దరూ ముఖం గురించే మాట్లాడుకునేవారు. ఆనాటి మౌనం గురించి వార్తలమ్మాయి రెండుసార్లు మొదలుపెట్టబోయింది. పౌడరక్క రెండుసార్లూ, "అన్నం తిను ముందు," అంది. మన్నించలేదని కాదు. ఆ మాట వచ్చినప్పుడల్లా గేటు దాకా ఒంటరిగా నడిచిన ఆ నడక గుర్తొచ్చేది, అది ఇంకా కొంచెం నొప్పిగానే ఉండేది.

ఐదో నెల స్కాన్ రోజు పౌడరక్క పనిలో ఉంది. వాతావరణం పిల్లకు కనుబొమలు దిద్దుతుండగా ఫోను మోగింది. పెన్సిలు చేతిలో ఉండగానే ఎత్తింది. అవతల ఏడుపు తప్ప మాట లేదు.

"మాట్లాడవే! ఏమన్నారు?"

"అన్నీ ఉన్నాయక్కా. వేళ్లు లెక్కపెట్టి చూపించారు. అన్నీ బాగున్నాయి."

పౌడరక్క గోడకు ఆనుకుని నిలబడింది. వాతావరణం పిల్ల ఒక కనుబొమతోనే తిరిగి చూసి, "ఏమైందక్కా?" అంది. "ఏం లేదు, అటు తిరుగు," అని ఆమె రెండో కనుబొమ దిద్దింది. అది మొదటిదానికన్నా కొంచెం పైకి పోయింది. ఆ రోజు వర్షం పడదని ఆ పిల్ల చెప్తుంటే, ఆ మాట తనకే నమ్మకం లేనట్టు కనపడిందని స్టేషనులో అంతా నవ్వుకున్నారు.

ఆడపిల్ల పుట్టింది. సెలవు అయిపోయి తిరిగొచ్చేసరికి ఏడు గంటల కుర్చీ వాతావరణం పిల్లకు ఖాయమైపోయింది. వార్తలమ్మాయికి మధ్యాహ్నం వార్తలు ఇచ్చారు. చెంప ఎముకల మీద ఆ మచ్చల నీడలు ఇంకా కొంచెం మిగిలే ఉన్నాయి. మొదటి రోజు ఆమె మేకప్ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, స్పాంజి ఆడుతుంటే కునుకు తీసింది. రాత్రంతా పసిపిల్ల నిద్రపోనివ్వలేదట.

ఆ మధ్యాహ్నం ఇంటి దగ్గర పౌడరక్క అత్తగారు టీవీ ముందు కూర్చుని, వార్తలు పూర్తయ్యేదాకా కదలకుండా చూసింది. కోడలు ఇంటికి రాగానే చెప్పింది: "ఆ పిల్లను చూశానే. ఒళ్లు చేసింది. బాగుంది."